బేకర్ వీధి వేషధారి

1953వ సంవత్సరము అక్టోబరు 30వ తేదీ రాత్రి న్యూయార్కు నగరమున న్యూ సెంచరీ నాటకశాలలో ‘షెర్లాక్ హోమ్స్’ అను నాటకము ప్రారంభమయ్యెను. నాటకమును రచించినది ఊయిడా రాత్‌బోను. హోమ్సు పాత్రను ధరించినవాడు ఆమె భర్త బాసిల్ రాత్‌బోను. అంతకు పూర్వము పదునాలుగు చలనచిత్రములలోను, రెండువందలకు పైబడిన రేడియో నాటకములలోను ఆ పాత్రను నిర్వహించి, హోమ్సు అనగా ఇతడే, ఇతడనగా హోమ్సే అనిపించుకొన్న నటుడతడు. అట్టివాడు ఆ వేషముతో రంగస్థలమెక్కినచో నాటకశాల నెలల తరబడి నిండియుండునని ఎవరైనను తలంతురు. ఆ నాటకము మూడు ప్రదర్శనలతో ఆగిపోయెను.

దెబ్బతినిన నాటకములు న్యూయార్కునకు క్రొత్త కావు. కాని ఈ ఓటమిలో ఒక విశేషము కలదు. ఏడేండ్లకు పూర్వము ఆ వేషమును విసిగి వేసారి తనంత తానుగా విడిచిపోయినవాడు రాత్‌బోనే. కాదని వదలిన దానిని తిరిగి వెదకికొని వచ్చినపుడు అది అతనికి దక్కలేదు.

బాసిల్ రాత్‌బోను 1892 జూన్ 13వ తేదీన దక్షిణాఫ్రికాలోని జొహానెస్‌బర్గులో జన్మించెను. తండ్రి ఎడ్గారు గనుల ఇంజనీరు. తల్లి ఆనా బార్బరా వయొలిన్ విద్వాంసురాలు. ట్రాన్స్‌వాల్ బంగారు గనుల విషయమై బ్రిటిషువారును బోయరులును ఒకరిపై నొకరు కత్తులు నూరుచున్న కాలమది. 1895 సంవత్సరాంతమున జేమ్సను అనునతడు కొంత సైన్యముతో ట్రాన్స్‌వాల్ మీదికి దండెత్తి భంగపడెను. పిమ్మట బోయరులకు బ్రిటిషువారిపై అనుమానములు ముదిరినవి. ఎడ్గారు గూఢచారి యని నింద వచ్చెను. అతడు ఆలుబిడ్డలతో ప్రాణములు అరచేత బట్టుకొని ఇంగ్లండునకు పారిపోవలసివచ్చెను. బాసిల్ అప్పటికి మూడు నాలుగేండ్ల పసివాడు. గూఢచారి యన్న నిందకు వెరచి పారిపోయినవాని కుమారుడు, ఇరువదేండ్లు గడచిన పిమ్మట యుద్ధభూమిలో శత్రువుల గుట్టు తెలిసికొను పనికే నియుక్తుడగుట విధివిలాసము.

రెప్టను పాఠశాలలో అతనికి చదువుకంటె ఆటలమీదను నాటకములమీదను మక్కువ యెక్కువ. కుమారుడు నటుడగుటకు తండ్రి వెంటనే ఒప్పుకొనలేదు; ఒక సంవత్సరకాలము ఏదైనా వ్యాపారసంస్థలో ఉద్యోగము చేసి చూడవలెనని నియమము పెట్టెను. బాసిల్ ఒక బీమా కంపెనీలో ఆ సంవత్సరమును వెళ్లబుచ్చి, గడువు తీరగనే ఫ్రాంక్ బెన్సను నాటక సమాజమున చేరెను. బెన్సను అతనికి చుట్టమే. ఊరూర తిరిగి షేక్స్పియరు నాటకములాడు సమాజమది. 1911 ఏప్రిల్ 22వ తేదీన ఇప్స్‌విచ్ పట్టణమున ‘టేమింగ్ ఆఫ్ ది ష్రూ’ నాటకములో హోర్టెన్షియో అను చిన్న పాత్రతో అతని నటజీవితము మొదలయ్యెను. మరుసటి యేట ఆ సమాజముతోనే అమెరికా వెళ్లివచ్చెను. షేక్స్పియరు పాత్రలలో పేరు తెచ్చుకొనవలెనన్న కోరిక అతని మనసులో అప్పుడు నాటుకొని, కడవరకు పోలేదు. ఈ సంగతి గుర్తుంచుకొననిచో తరువాతి కథ అర్థము కాదు.

ఇంతలో మొదటి ప్రపంచయుద్ధము వచ్చినది. రాత్‌బోను సామాన్య సైనికుడుగా చేరి, తరువాత లివర్‌పూల్ స్కాటిష్ దళమున అధికారి యయ్యెను. శత్రువుల సమాచారమును సేకరించుట అతని విధి. 1918 జూన్ 4వ తేదీన తమ్ముడు జాన్ యుద్ధములో మరణించెను. ఆ వార్త అతనిలో దుఃఖముకంటె క్రోధమునే ఎక్కువగా రగిల్చినట్లు ఇంటికి వ్రాసిన జాబునుబట్టి తెలియుచున్నది. రాత్రివేళ జరుపు గస్తీలను పగటివేళ జరుపుటకు అతడు పై అధికారుల అనుమతి కోరెను. ఒడలికి ఆకులు, కొమ్మలు కట్టుకొని చెట్టువలె కనబడుచు, రెండు సైన్యముల నడుమనున్న బయలును ప్రాకి దాటెడివాడనని తరువాతి కాలమున తానే చెప్పుకొనెను. జూలై మాసమున అట్టి యొక గస్తీలో జర్మనుల కందకములోనికి దిగి, ఎదురుపడిన సైనికుని కాల్చి, వానియొద్ద దొరికిన కాగితములతో గుండ్ల వర్షములో తిరిగివచ్చెను. ఆ సాహసమునకై ప్రభుత్వము అతనికి ‘మిలిటరీ క్రాస్’ పతకము నొసగెను. మారువేషము వేసి శత్రువు గుట్టు లాగుట హోమ్సునకు కథలలో వినోదము. ఆ వేషము వేసిన నటునకు అది తమ్ముని చావుతో ముడివడిన జ్ఞాపకము.

యుద్ధానంతరము 1919లో షేక్స్పియరు జన్మస్థలమైన స్ట్రాట్‌ఫర్డులోనే రోమియో, కాషియస్ మున్నగు పాత్రలను ధరించెను. 1920లో లండనులో ‘పీటర్ ఇబెట్సన్’ నాటకము అతనికి మంచిపేరు తెచ్చెను. యుద్ధారంభమున జరిగిన మొదటి వివాహము నిలువలేదు. 1926లో ఊయిడా బెర్జేరును పెండ్లాడెను. ఆమె చలనచిత్ర కథారచయిత్రి. పెండ్లి తరువాత తన వృత్తిని చాలవరకు మాని భర్త వ్యవహారములనే చూచుకొనెను. ఆమె ఇచ్చు విందులు హాలీవుడ్డులో పెద్ద పేరు పొందినవి. వానికైన వ్యయమును చివరకు భర్త నటనయే భరింపవలసివచ్చెను గదా!

మూకచిత్రములకు మాట వచ్చినపుడు పలువురు నటులు మూలబడిరి. రాత్‌బోను వంటివారికి అది మేలయ్యెను. స్ఫుటమైన ఉచ్చారణ, కత్తివలె కోసుకొనిపోవు కంఠము, పొడవైన విగ్రహము, గ్రద్దముక్కు. ఇవన్నియు నాయకునికంటె ప్రతినాయకునికి తగినవని హాలీవుడ్డు నిర్ణయించెను. 1935లో ‘డేవిడ్ కాపర్‌ఫీల్డ్’ చిత్రమున పసివానిని బెత్తముతో బాదు మర్డ్‌స్టన్ అతడే. ఆ యేడే గ్రెటా గార్బో ‘అన్నా కెరెనినా’లో కఠినహృదయుడైన భర్తయు అతడే. 1936 నాటి ‘రోమియో అండ్ జూలియట్’లో టిబాల్ట్‌గను, 1938 నాటి ‘ఇఫ్ ఐ వర్ కింగ్’లో పదునొకండవ లూయీ రాజుగను నటించి రెండుమార్లు ఆస్కారు బహుమతికి ప్రతిపాదితుడయ్యెను. కత్తిసాములో హాలీవుడ్డున అతని సాటి నటులు అరుదు. అయినను ప్రతినాయకుడు గెలువరాదు కావున ‘కాప్టెన్ బ్లడ్’లోను ‘రాబిన్‌హుడ్’లోను ఎరల్ ఫ్లిన్ చేతను, ‘మార్క్ ఆఫ్ జోరో’లో టైరన్ పవర్ చేతను చావవలసివచ్చెను. మెర్కుషియోను చంపు టిబాల్ట్ పాత్రలో మాత్రము ఒకమారు గెలిచెను. ఆ గెలుపును షేక్స్పియరే ముందుగా వ్రాసియుంచినాడు కాబట్టి సరిపోయినది!

ఈ దశలో 1939లో ట్వెంటియెత్ సెంచరీ ఫాక్స్ సంస్థ ‘ది హౌండ్ ఆఫ్ ది బాస్కర్‌విల్స్’ అను హోమ్సు నవలను చిత్రముగా తీసెను. ప్రకటనలలో మొదటిపేరు యువనాయకుడైన రిచర్డ్ గ్రీనుది. హోమ్సు వేషధారి పేరు తరువాత. హోమ్సు కొరకే జనము వత్తురని నిర్మాతలు ఊహింపలేదు. చిత్రము చూచినవారికి గ్రీను గుర్తుండలేదు, రాత్‌బోను గుర్తుండెను.

అంతకు ముందు హోమ్సులు లేకపోలేదు. అమెరికా నటుడు విలియం జిలెట్ 1899 నుండి దశాబ్దముల తరబడి రంగస్థలముపై హోమ్సుగా నటించి, 1916లో ఆ నాటకమును మూకచిత్రముగా కూడ చేసెను. ఆ చిత్రము పోయినదనుకొనగా 2014లో పారిస్ నగరమున ఒక చిత్రభాండాగారములో బయటపడినది. వంపుగల పైపు హోమ్సు నోటికి వచ్చినది జిలెట్ వలననే యని ప్రసిద్ధి. ఇంగ్లండులో ఎయిల్ నార్వుడ్ 1921 మొదలు 1923 వరకు నలుబదియేడు మూకచిత్రములలో నటించి, మూలకర్తయైన కానన్ డాయిల్ మెప్పు పొందెను. 1931 మొదలు ఆర్థర్ వాంట్నర్ ఐదు చిత్రములలో నిదానమైన, ఇంచుక వయసు మీరిన హోమ్సును చూపెను. వీరిలో నార్వుడ్డునకు మాట లేదు. వాంట్నర్‌కు మాట యున్నను వేగము చాలదు. పైగా ఆనాటి చిత్రములలో మోటారుకార్లు, టెలిఫోనులు నిండి, బేకర్ వీధి మంచుపొగయు గుఱ్ఱపుబండియు మాయమైనవి. ఫాక్స్ వారు విక్టోరియా రాణి కాలమును తిరిగి తెచ్చిరి. సిడ్నీ పాజెట్ బొమ్మలలో నిలిచిపోయిన ప్రక్కమోము, దీపకాంతిలో మెరయు కన్నులు, ఎదుటివాని మాట ముగియకముందే ముగింపు తెలిసినవాని ఓపికలేమి, ఇవన్నియు రాత్‌బోనునందు కూడివచ్చినవి. చిత్రాంతమున హోమ్సు మత్తుమందు సూదికై అడుగుట కూడ విడువలేదు. ఆనాటి చిత్రపరిశీలన నియమములలో అది సాహసమే.

అదే యేట రెండవ చిత్రము ‘ది అడ్వెంచర్స్ ఆఫ్ షెర్లాక్ హోమ్స్’ వచ్చెను. ఈ రెండే నిజమైన హోమ్సు చిత్రములనుట తప్పుగాదు. తరువాత హక్కులు యూనివర్సల్ సంస్థకు చేరినవి. 1942 నుండి 1946 వరకు ఆ సంస్థ పండ్రెండు చిత్రములను తీసెను. ఒక్కొక్కటి గంట, గంటంబావు నిడివిగల చవుకరకపు చిత్రములు. యుద్ధకాలము కావున హోమ్సు కాలాతీతుడని తెరమీద ఒక ప్రకటన చేసి, అతనిని హిట్లరు గూఢచారులమీదికి పంపిరి. వేటటోపీకై చేయి చాచిన హోమ్సును వాట్సను వారించి మామూలు టోపీ పెట్టించుట మొదటి చిత్రములోని చమత్కారము. మొదటి కొన్ని చిత్రములలో అతని జుట్టును కణతలమీదికి దువ్విన తీరు ఇప్పటికిని నవ్వు పుట్టించును.

అయినను ఈ పండ్రెండింటిని త్రోసివేయుట న్యాయము గాదు. పదునొకండింటికి దర్శకుడైన రాయ్ విలియం నీల్ వెలుగునీడలతో పేదరికమును కప్పగల నేర్పరి. కెనడా పల్లెలోని బురదనేలలపై నడచు ‘ది స్కార్లెట్ క్లా’, ఆరు నెపోలియను బొమ్మల కథను ఆధారము చేసికొన్న ‘ది పెర్ల్ ఆఫ్ డెత్’ ఇప్పటికిని చూడదగినవి. రెండును 1944 నాటివే.

వాట్సను విషయమున మాత్రము క్షమింపరాని అపచారము జరిగినది. డాయిల్ సృష్టించిన వాట్సను అఫ్గను యుద్ధమున గాయపడిన సైనికవైద్యుడు, ధీరుడు, వివేకి. నైజెల్ బ్రూసు అతనిని గొణుగుచు తడబడు ముసలి విదూషకునిగా చేసెను. బ్రూసు నిజమునకు రాత్‌బోనుకంటె మూడేండ్లు చిన్న. పైగా ప్రపంచయుద్ధమున కాలికి తీవ్రమైన గాయము తగిలి బాధపడినవాడు. వాట్సను దేహము అతనికి నిజముగానే యుండెను; వాట్సను బుద్ధిని రచయితలు ఈయలేదు. అయినను ఇద్దరి మధ్యనున్న చెలిమి తెరమీదికి ప్రసరించి, ఆ లోపమును ప్రేక్షకులు మన్నించునట్లు చేసెను.

చిత్రములతోబాటు 1939 అక్టోబరు నుండి వారిద్దరును రేడియోలో హోమ్సు నాటకములు ఆడుచుండిరి. వారమునకొకమారు ఇంటింట అతని గొంతు వినబడెడిది. దీనితో బాసిల్ రాత్‌బోను అను మనిషి క్రమక్రమముగా అదృశ్యుడయ్యెను. వీధిలో పిల్లలును పెద్దలును అతనిని షెర్లాక్ అని పిలిచి, వాట్సను క్షేమమడుగసాగిరి. మన పద్యనాటకములలో పీసపాటి నరసింహమూర్తి రంగమెక్కినచో జనమునకు కృష్ణుడే కనబడెడివాడు. అది ఆ నటునకు భాగ్యము. కాసియస్ కావలెనని, హామ్లెట్ కావలెనని కలలుగన్న రాత్‌బోనునకు ఇది సంకెల యయ్యెను. తనకు వేరు పాత్రలు రాకుండ ఈ పాత్ర ద్వారమున నిలిచి అడ్డగించుచున్నదని తలచెను. మొదట తాను మెచ్చిన హోమ్సు ఇప్పుడు అతనికి ప్రేమలేనివాడుగ, అహంకారిగ, ఎవరి అవసరము లేనివాడుగ కనబడజొచ్చెను.

ఇట్లు విసిగినవాడు ఇతడే మొదటివాడు కాడు. 1893లో కానన్ డాయిల్ తన చారిత్రక నవలలకు ఈ పరిశోధకుడు అడ్డువచ్చుచున్నాడని కోపించి, స్విట్జర్లండులో రైకెన్‌బాక్ జలపాతమున పడవేసి చంపెను. పాఠకులు ఊరకుండలేదు. డాయిల్ 1903లో అతనిని బ్రతికింపవలసివచ్చెను. రాత్‌బోను 1946లో తన రైకెన్‌బాకునకు చేరెను. చిత్రముల ఒడంబడికయు రేడియో ఒడంబడికయు తీరగనే రెండింటిని విడిచి న్యూయార్కు వెళ్లిపోయెను. బ్రూసు వాట్సనుగా రేడియోలో మరి కొంతకాలము టామ్ కాన్వే ప్రక్కన నటించెను. ఆ డిసెంబరులోనే దర్శకుడు నీల్ మరణించెను.

వదలిపోయిన ధైర్యము తొలుత ఫలించినది. 1947లో ‘ది హెయిరెస్’ నాటకమున కూతురి మనసును చిదిమివేయు డాక్టరు స్లోపర్ పాత్రకు 1948లో టోనీ బహుమతి లభించెను. రంగస్థల నటుడుగ అది అతని జీవితములో ఉచ్చస్థితి. కాని రెండవ ‘హెయిరెస్’ రాలేదు. వచ్చినవి చిన్న నాటకములు, టెలివిజను పనులు, నిరీక్షణ. అప్పుడు ఊయిడా హోమ్సు నాటకమును వ్రాసెను.

డాయిల్ హోమ్సును తిరిగి పిలిచినపుడు వాట్సను బేకర్ వీధిలో వేచియుండెను. రాత్‌బోను పిలిచినపుడు వాట్సను రాలేకపోయెను. బ్రూసు వ్యాధిగ్రస్తుడై యుండుటచే వేరొక నటుని తీసికొనిరి. న్యూయార్కులో నాటకము తెరలేచుటకు మూడు వారములు ముందు, అక్టోబరు 8వ తేదీన, బ్రూసు కన్నుమూసెను. మూడు ప్రదర్శనల అపజయమునకు విమర్శకులు నాటక రచనను తప్పుపట్టవచ్చును, కాలము మారెననవచ్చును. కాని అరువదియొకటవ యేట, మిత్రుని మరణించిన నెలలో, తాను ప్రేమింపని పాత్రను ధరించి నిలుచున్నవానిలో ఉత్సాహమెట్లు పలుకును? హోమ్సు ఒంటరివాడని అతనిని నిందించిన నటునకు హోమ్సు ఎన్నడును ఒంటరివాడు కాడని ఆ రాత్రి తెలిసియుండవలెను.

అటుపిమ్మటి పదునాలుగేండ్ల కథ పొడుగైనది కాదు. 1950ల నడుమ ‘ది కోర్ట్ జెస్టర్’ అను హాస్యచిత్రమున డానీ కే ఎదుట తన కత్తిసామును తానే వెక్కిరించుకొని మెప్పించెను. ఎడ్గర్ ఆలన్ పో కథలను గ్రామఫోను రికార్డులకై చదివెను. ఆ చదువు విన్నవారు మరువలేరు. కళాశాలలు తిరిగి ఒంటిగా కావ్యపఠనములు చేసెను. ఖర్చులు తీరుటకై దయ్యాల చిత్రములలో అల్పవేషములకు ఒప్పుకొనెను. 1962లో ఆత్మకథ ప్రకటించి, అందు హోమ్సుపై తనకు గల ఇష్టానిష్టములను దాచక వ్రాసెను. 1967 జూలై 21వ తేదీన న్యూయార్కులో గుండెపోటుతో మరణించెను. అప్పటికి డెబ్బదియైదేండ్లు.

అతని తరువాత హోమ్సులు పెక్కుమంది వచ్చిరి. అంతకు మునుపే 1959లో పీటర్ కుషింగ్ తొలి రంగుల హోమ్సు చిత్రమున నటించియుండెను. రష్యాలో వాసిలీ లివానోవ్ 1979 నుండి 1986 వరకు హోమ్సును సౌమ్యునిగా, స్నేహశీలిగా చూపెను. జెరెమీ బ్రెట్ 1984 మొదలు 1994 వరకు టెలివిజనులో నలుబదియొక్క కథలలో నటించెను. కథలలోని చిన్న చిన్న వివరములను కూడ ఒక పుస్తకములో వ్రాసికొని, దానిని వెంట నుంచుకొని నటించినవాడు బ్రెట్. మూలమునకు చేరువగా వచ్చినవాడు బ్రెట్టే యనుటలో సందేహము లేదు. హోమ్సు లోపలి చీకటిని అతడు చూపినట్లు రాత్‌బోను చూపలేదు. అతని పక్షమున వాట్సనులు కూడ వివేకవంతులు. అయినను కథ చదువునపుడు మనసులో లేచు ఆకృతి మాత్రము ఇప్పటికిని పెక్కుమందికి రాత్‌బోనుదే. బ్రెట్‌ను చూచి హోమ్సు ఇట్టివాడా అని ఆశ్చర్యపడుదుము. రాత్‌బోనును చూచినపుడు ఆ ప్రశ్నయే పుట్టదు.

1986లో డిస్నీ సంస్థ ‘ది గ్రేట్ మౌస్ డిటెక్టివ్’ అను బొమ్మల చిత్రమును తీసెను. నాయకుడు హోమ్సు ఇంటి క్రింద కాపురముండు ఒక ఎలుక. దాని పేరు బాసిల్. ఒకచోట పైయింటిలో హోమ్సు మాట్లాడుట వినబడవలసియుండెను. రాత్‌బోను మరణించి అప్పటికి పందొమ్మిది సంవత్సరములు. నిర్మాతలు వేరొక నటుని వెదకలేదు. ఎన్నడో గ్రామఫోను రికార్డుకై అతడు చదివిన ఒక హోమ్సు కథ నుండి ఆ కంఠమును తీసి గోడమీద కదలు నీడకు అతికించిరి.